నెల్లూరులో అసెంబుల్డ్ సిస్టమ్ కొనేవాళ్లు బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి

కావలిలో మా చెల్లెలు డీటీపీ పని చేస్తుంది, పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీ డిజైన్లు. తన కోసం నెల్లూరులో ఒక షాపులో 38 వేలు పెట్టి అసెంబుల్డ్ (విడి పార్టులు కొని షాపులో కూర్చి ఇచ్చే) డెస్క్‌టాప్ తీసుకున్నాం. షాపు పేరు రాయడం లేదు గానీ, అక్కడ జరిగింది వేరే చోట కూడా జరగొచ్చు కాబట్టి చెప్తున్నా.

వారం తిరగకముందే హ్యాంగ్ అవడం మొదలైంది. మౌస్ కదలదు, స్పీకర్లో పాట నడుస్తుంటే ఆ ఒక్క ముక్క జుయ్యిమని అలాగే ఉండిపోతుంది, ఒక్కోసారి దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. ముహూర్తాల సీజన్, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటే సేవ్ చేయని ఫైలు పోయేది, పాపం దానికి ఏడుపొక్కటే తక్కువ. షాపుకి తీసుకెళ్తే "వైరస్ అమ్మా, ఫార్మాట్ కొడితే పోద్ది" అన్నారు. ఫార్మాట్ కొట్టారు, డబ్బులు తీసుకున్నారు, మళ్లీ అదే. తర్వాత "మీ ఊళ్లో కరెంటు సరిగా లేదు, యూపీఎస్ పెట్టుకోండి" అన్నారు. యూపీఎస్ మొదటి రోజు నుంచీ ఉంది!

ఇక మేమే చూసుకున్నాం. విండోస్‌లో ఎర్రర్లు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్లో కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా వరుసగా కనిపించింది. అది చూసి చాలామంది వెంటనే ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌లోని పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా) మార్చేస్తారు, అలా చేయకండి. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు. పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి ఎర్రర్లు. రెండు ర్యామ్‌లనీ విడివిడిగా పెట్టి, స్లాటు కూడా మార్చి చూస్తే ఒక దానికే వస్తున్నాయి. అది ఏ బ్రాండో కూడా తెలియదు, స్టిక్కర్ లేదు. ర్యామ్ పాడైతే ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఏం లాభం?

అసలు కోపం వచ్చింది ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) దగ్గర. డిస్క్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో పవర్ ఆన్ అవర్స్, అంటే అది నడిచిన గంటలు, తొమ్మిది వేలు దాటి ఉంది. ఏడాది పొడుగునా ఒక్క నిమిషం ఆపకుండా నడిపినా 8,760 గంటలే కదా, మరి కొత్త సిస్టమ్‌లో కొత్త ఎస్ఎస్‌డీకి అన్ని గంటలు ఎక్కడివి? ఎవరిదో వాడేసిన సరుకు మాకు అంటగట్టారు. ఎస్ఎంపీఎస్ మీద పెద్దక్షరాలతో 450 వాట్లు అని ఉంది, కింద లేబుల్లో 12 వోల్ట్ లైనుకి 16 ఆంప్స్ అని ఉంది, గుణిస్తే 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేదంతా ఆ లైను మీదే. ఇందులో గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి నెట్టుకొస్తోంది, రేపు ఒకటి వేద్దామంటే?

(మీది ఇంటెల్ 13, 14 జనరేషన్ ఐ7, ఐ9 ప్రాసెసర్ అయితే హ్యాంగ్‌కి కారణంగా ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఆ తరాల్లో 65 వాట్లు, ఆపైన డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు వోల్టేజ్ సమస్య ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుని వారంటీ రెండేళ్లు పెంచింది. బయాస్ (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించండి.)

ఇంత పట్టుకున్నా షాపులో చిక్కొచ్చింది ఎక్కడంటే, బిల్లులో "8 జీబీ ర్యామ్ 2, ఎస్ఎస్‌డీ 1" అని తప్ప బ్రాండు, మోడల్, సీరియల్ నంబర్ ఏదీ లేదు. "మేమిచ్చింది ఇది కాదు, మీరే మార్చారు" అని మా మొహం మీదే అన్నారు. అందుకే డబ్బు కట్టేముందు ప్రతి పార్టు సీల్ డబ్బా మీ ఎదురుగా విప్పించండి, నంబర్లు జీఎస్టీ బిల్లు మీదకి ఎక్కించండి, ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చుకోండి. రాయమంటే విసుక్కునే షాపైతే లేచి వచ్చేయండి, మొహమాటపడొద్దు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అన్న ముద్ర చూసి భయపడకండి. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాక ర్యామ్ మార్చారు, హ్యాంగ్ అవడం ఆగింది. ఎస్ఎస్‌డీ మాత్రం ఇంకా మార్చలేదు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

కావలి చుట్టుపక్కల ఎవరికైనా ఇలాగే హ్యాంగ్ అవుతుంటే చెప్పండి, మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంది, ఇస్తాను.