ఎర్ర ఇటుకా, సిమెంట్ ఇటుకా, ఏఏసీ బ్లాకా? గోడకి ఏది మేలు?

ఖమ్మంలో మా ఇంటి కింది అంతస్తు ఎర్ర ఇటుకతో కట్టింది. పై అంతస్తు ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) అనే తేలికపాటి బ్లాకులతో నేనే దగ్గరుండి కట్టించాను. ప్రహరీకి సిమెంట్ ఇటుక వాడాం. మూడింటి మంచిచెడ్డలూ రోజూ కళ్లముందే ఉన్నాయి కాబట్టి చుట్టాల్లో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా నన్నే అడుగుతారు. నేను ముందు వాళ్లని ఒకటి అడుగుతాను: మీది పిల్లర్ల ఇల్లా, గోడలే స్లాబుని మోసే ఇల్లా? ఏఏసీ బ్లాకు బలం చదరపు మి.మీ.కి 3, 4 న్యూటన్లు. పిల్లర్లూ బీములూ బరువు మోస్తుంటే అది చాలు. గోడే స్లాబుని మోయాలంటే మాత్రం ఇంజినీరు లెక్క వేసి చెప్పనిదే బ్లాకు జోలికి వెళ్లొద్దు.

మేం బ్లాకు వైపు మొగ్గింది బరువు కోసమే. పాత ఇంటి మీద ఇంకో అంతస్తు లేపుతున్నాం కదా! పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న నాలుగంగుళాల గోడకి ఎర్ర ఇటుకలు సుమారు 440 పడతాయి. మాలుతో కలిపి టన్నున్నర బరువు. అదే గోడకి బ్లాకులు 77 చాలు, ఆరిన తరవాత ఐదున్నర క్వింటాళ్లు. సిమెంట్ ఇటుక బరువులో ఎర్ర ఇటుకకి ఏమీ తీసిపోదు.

బ్లాకు అంత తేలిగ్గా ఎందుకుంటుందంటే, థర్మల్ కేంద్రాల బూడిద, సున్నం, సిమెంటు, జిప్సం కలిపిన ముద్దలో కాస్త అల్యూమినియం పొడి వేస్తారు. గ్యాసు పుట్టి, ముద్ద ఇడ్లీ పిండిలా పొంగుతుంది. దాన్ని తీగలతో కోసి, ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో గంటల తరబడి ఆవిరి పడతారు. ఈ ఆవిరి పట్టడమే అసలు పని. సీఎల్‌సీ (సెల్యులర్ లైట్‌వెయిట్ కాంక్రీట్) బ్లాకులు కూడా తేలిగ్గానే ఉంటాయి, నీళ్లలో వేస్తే తేలతాయి కూడా. కానీ వాటిని నురగ కలిపి, అచ్చుల్లో పోసి, మామూలుగా ఆరబెడతారు. ఆ తరవాత అవి ఎక్కువ కుంచించుకుపోతాయి, గోడ పగులుతుంది. ‘లైట్ వెయిట్ ఇటుక’ అని రెండింటినీ ఒకే పేరుతో అమ్మేవాళ్లున్నారు. ఆర్డరిచ్చే ముందు ఆటోక్లేవ్‌లో చేసిందేనా అని అడగండి, టెస్ట్ రిపోర్టు చూడండి.

వేడి విషయంలో తేడా బాగా తెలుస్తుంది. ఎర్ర ఇటుకతో పోలిస్తే బ్లాకులోంచి వేడి సుమారు నాలుగో వంతే లోపలికి వస్తుంది. మే నెలలో సాయంత్రం ఆరింటికి కింది అంతస్తు పడమటి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా కాలుతూనే ఉంటుంది. పైన అదే గోడ గోరువెచ్చగా ఉంటుంది. అయితే స్లాబు వేడి స్లాబుదే, గోడ మార్చినంత మాత్రాన అది తగ్గదు.

ఇక పనితనం. మా మేస్త్రీ గారు చెయ్యి తిరిగిన మనిషి, కానీ బ్లాకు పని ఆయనకి కొత్త. మొదటి గదికి పైపు పెట్టి బ్లాకుల్ని నిలువునా తడిపేశారు. నేను అడ్డుపడితే, “అమ్మా, నీళ్లు పెట్టకుండా ముప్ఫై ఏళ్లలో ఒక్క గోడ లేపలేదు” అన్నారు. ఎర్ర ఇటుకకి ఆ మాట నూరుపాళ్లు నిజం, నానబెట్టకపోతే అది మాలులో నీళ్లు లాగేస్తుంది. బ్లాకు మాత్రం నానితే ఉబ్బి, ఆరుతూ కుంచించుకుపోతుంది. రెండు నెలలకి ప్లాస్టరింగ్ మీద సాలెగూడు లాంటి పగుళ్లు వచ్చాయి. పిల్లరూ గోడా కలిసే చోట పైనుంచి కిందిదాకా గీత గీసినట్టు చీలింది. వేలితో తట్టి చూస్తే అక్కడక్కడా డొల్ల శబ్దం. ఎంత టెన్షన్ పడ్డానో!

రెండో గదికి పద్ధతి మార్చాం. బ్లాకుల గుట్ట మీద పట్టా కప్పి వాన తగలనివ్వలేదు. పెట్టేటప్పుడు బ్రష్షుతో పైపైన తడిపి, మామూలు మాలు బదులు సంచుల్లో వచ్చే బ్లాకు గమ్ము 3 మి.మీ. మందాన పూశారు. గోడ సగం ఎత్తులో మూడంగుళాల కాంక్రీటు పట్టీ వేశారు. బీము కింద సందు వదిలి, కొన్నాళ్లయ్యాక నింపారు. పిల్లర్ల దగ్గర అటూ ఇటూ ఆరేసి అంగుళాలు మెష్ కొట్టి ప్లాస్టరింగ్ చేశారు. ఆ గదిలో ఇప్పటికీ వెంట్రుకవాసి పగులు లేదు. మొదటి గదికి కూడా పిల్లర్ల దగ్గర పెచ్చులు కొట్టించి మెష్ వేయించాల్సి వచ్చింది.

మేకుల దగ్గర ఎర్ర ఇటుకదే పైచేయి. బ్లాకులో మామూలు ప్లగ్గు వదులైపోతుంది, పొడవాటి ప్రత్యేక ప్లగ్గులు కావాలి. గీజరుకైతే గోడ అవతలి దాకా బోల్టు వేయించాం. కరెంటు పైపులకి గాడి కట్టరుతోనే తీయాలి. సుత్తీ ఉలీ పెట్టి బాదితే బ్లాకు చిట్లుతుంది.

ఖర్చు దగ్గర చాలామంది పొరపడుతున్నారు. ఇటుక ధర వెయ్యి లెక్కన, బ్లాకు ధర క్యూబిక్ మీటరు లెక్కన చెబుతారు. ఇటుకో బ్లాకో, మాలో గమ్మో, ప్లాస్టరింగ్, కూలీ అన్నీ కలిపి చదరపు అడుగు గోడకి ఎంతవుతుందో చూస్తేనే పోలిక కుదురుతుంది. బ్లాకు గోడ నునుపుగా వస్తుంది కాబట్టి ప్లాస్టరింగ్ పలచగా సరిపోతుంది. కానీ లారీ రాలేని సందులో ఇల్లయితే మోత కూలీ, విరిగిపోయేవీ కలిసి ఆ మిగులు తినేస్తాయి. అలాంటి చోట ఎర్ర ఇటుకే నయం. రెండు ఇటుకల్ని ఒకదానితో ఒకటి కొట్టి చూసి ఖంగుమంటేనే తీసుకోండి.

ఈ ఏడాది మా తమ్ముడి ఇల్లు మొదలవుతోంది, పిల్లర్ల ఇల్లే. పునాది నుంచి నేల మీద అడుగు వరకూ ఎర్ర ఇటుక, తడి తగ్గని బాత్రూములకీ ప్రహరీకీ సిమెంట్ ఇటుక, మిగతా గోడలన్నీ బ్లాకు అనుకున్నాం. సిమెంట్ ఇటుక కూడా చూసే కొనాలి. సరిగా నీళ్లు పట్టని సరుకైతే గోరుతో గీకినా అంచు రాలుతుంది. పని మళ్లీ మా మేస్త్రీ గారికే ఇస్తున్నాం. ఈసారి బ్రష్షు ఆయనే తెచ్చుకుంటానన్నారు.