ఎద్దుదా, దున్నదా? కొట్టులోదా, ప్యాకెట్టుదా? చెన్నైలో ఏ గొడ్డు మాంసం మేలు?

చెన్నైకి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మన పిల్లలు, గొడ్డు మాంసం తినే ఇళ్లవాళ్లు, తరచూ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మాంసం భాయ్ కొట్టులో తెచ్చుకోవాలా, యాప్‌లో ప్యాకెట్టు తెప్పించుకోవాలా? ఎద్దుది మంచిదా, దున్నది మంచిదా? ఈ రెండింటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందని నా అభిప్రాయం: ఆ పశువు వయసెంత? రుచి, మెత్తదనం, ఉడికే సమయం ఎక్కువగా దానిమీదే ఆధారపడతాయి.

మన దగ్గర మాంసం కోసమే పశువుని పెంచడం చాలా అరుదు. ఎద్దుని దుక్కికి, బండికి పెంచుతారు. గేదెని పాలకు పెంచుతారు. వాటి పని అయిపోయాక సంతకి, అక్కణ్ణుంచి దళారుల చేతుల మీదుగా కబేళాకి చేరతాయి. దీనికి తోడు చట్టం ఉంది. 1958 నాటి తమిళనాడు పశు సంరక్షణ చట్టం ప్రకారం పదేళ్లు దాటి, పనికీ ఈతకీ పనికిరాదని ధ్రువీకరణ పత్రం పొందిన పశువునే కొయ్యాలి. నయం కాని జబ్బు, శాశ్వత అవిటితనం ఉన్నవాటికి మినహాయింపు ఉంది. ఈ చట్టం గేదెలకీ వర్తిస్తుంది. ఆవునీ పెయ్యనీ కొయ్యకూడదని 1976లో విడిగా ఉత్తర్వు వచ్చింది. అంటే చెన్నై కొట్టులో కొక్కేనికి వేలాడేది రూలు ప్రకారం ముసలి పశువు. వీడియోలో చూసినట్టు పెనం మీద రెండు వైపులా మూడేసి నిమిషాలు కాల్చి, తోలులా సాగుతోందని భాయ్‌ని తిట్టుకోవడం అన్యాయం. తప్పు అతనిదీ కాదు, మాంసానిదీ కాదు.

అమెరికాలో అదే ముక్క మెత్తగా ఎందుకుంటుందంటే, అక్కడి దూడ ఏడెనిమిది నెలలు తల్లితో గడ్డి మేసి, తర్వాత కొంతకాలం బీళ్లలో తిరిగి, చివరి నాలుగారు నెలలు ఫీడ్‌లాట్‌లో, అంటే పశువుల్ని ఒకేచోట ఉంచి బలిపించే దొడ్డిలో, మొక్కజొన్న దాణా తింటుంది. చాలావరకు రెండేళ్లు నిండకముందే కోతకి వెళ్తుంది. కండలో సన్నని కొవ్వు చారలు పడతాయి. ఆ చారలు, పశువు వయసు చూసి ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని గ్రేడు వేస్తారు. కొనేవాడికి తను దేనికి డబ్బులిస్తున్నాడో తెలుస్తుంది. దీనికో ఖరీదు కూడా ఉంది. మనుషులు తినగలిగిన గింజ పశువుకి పోతుంది, వేల పశువులు ఒకేచోట మట్టిలో, పేడలో నిలబడతాయి. మన పద్ధతిలో వరిగడ్డి, చొప్ప, తవుడు, తెలగపిండి లాంటి మనం తినలేనివి పాలుగా, దుక్కిగా, చివరికి మాంసంగా మారతాయి. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది. కానీ మాంసం మెత్తదనం మాత్రం అక్కడిదే.

ఇంకో దారి బ్రెజిల్‌ది. ప్రపంచంలో గొడ్డు మాంసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో అది ముందుంటుంది. అక్కడి మందల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి. ఆ పేరు మన నెల్లూరే, ఆ రక్తం మన ఒంగోలు గిత్తదే. పందొమ్మిదో శతాబ్దంలో ఈ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచే ఓడల్లో పోయిన పశువుల సంతతి అది. 1960లలో కూడా ప్రకాశం జిల్లా వైపు నుంచి మేలు గిత్తల్ని తీసుకెళ్లారు. ఎండకి తట్టుకుంటుంది, గోమార్లకి లొంగదు, గడ్డి మీదే కండ పడుతుంది. మనం బండలు లాగే పోటీల్లో చప్పట్లు కొట్టిన జాతిని వాళ్లు మాంసం జాతిగా దిద్దుకున్నారు. అయినా మూపురం ఉన్న జాతుల్లో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైములకు అడ్డుపడే పదార్థం కొంచెం ఎక్కువ. అందుకే నెలోర్ మాంసం పూర్తిగా అమెరికా ఫీడ్‌లాట్‌లో పెరిగే ఆంగస్ అనే మాంసం జాతి లాగా ఉండదు.

ఈ దాణా, గడ్డి సంగతులు చెప్పడానికి కారణం ‘గ్రాస్‌ఫెడ్’, అంటే గడ్డి మేపి పెంచింది, అన్న మాట. గడ్డి మేసిన పశువు కొవ్వులో ఒమేగా-3 కొంత ఎక్కువన్నది నిజమే. కానీ గొడ్డు మాంసం దిగుమతి మన దేశంలో నిషేధం, ఇక్కడి పశువు ఎలాగూ గడ్డీ గాదమే తింటుంది. అలాంటప్పుడు చెన్నైలో ఆ మాట చూసి అదనంగా డబ్బు ఇవ్వక్కర్లేదు. అమెరికా ప్రభుత్వమే 2016లో ఆ మాటకి తను పెట్టిన ప్రమాణాన్ని వెనక్కి తీసుకుంది.

ఇక ఎద్దా, దున్నా? చూడగానే పోల్చుకోవచ్చు. ఎద్దు కొవ్వు పసుపు తిరిగి ఉంటుంది, దున్న కొవ్వు తెల్లగా ఉంటుంది. గడ్డిలోని కెరోటిన్‌ని గేదె జాతి విటమిన్ ఏగా మార్చేసుకోవడం దీనికి కారణం. దున్న కండ ముదురు ఎరుపు, కండలో కొవ్వు తక్కువ. కొవ్వు తగ్గించుకోవాలనుకునేవాళ్లకి దున్నే మేలు. పులుసుకి, మిరియాల వేపుడుకి నా ఓటు ఎద్దుకి. ఆ కొవ్వు కరిగితే వచ్చే వాసన దున్నలో రాదు. బిర్యానీకి ఏదైనా ఫరవాలేదు, పశువు మరీ ముదరకపోతే చాలు.

దున్న విషయంలో నాకు బాధ కలిగించేది వేరే ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 11 కోట్ల గేదెలున్నాయి. పుట్టే దూడల్లో సగం దున్న దూడలే. పాలు అమ్ముకునే ఇంట్లో దానికి పాలు వదిలితే నష్టం, అందుకే చాలా దూడలు నెలల్లోనే కడుపు మాడి చస్తాయి. వాటిని బతికించి పెంచడానికి 11వ పంచవర్ష ప్రణాళికలో కేంద్రం ఒక పథకం కూడా పెట్టింది. విదేశాలకు మనం పంపేది ఎముకల్లేని గేదె జాతి మాంసమే, వియత్నాం, మలేషియా, ఈజిప్టు దాకా వెళ్తుంది. ఆకలికి చచ్చే దూడ రెండేళ్లు మేత తిని పెరిగితే, చట్టం ఒప్పుకునే చోట రైతుకి ఆదాయం, తినేవాడికి లేత మాంసం. పశువు మీద దయ ఉందనేవాళ్లు ముందు ఈ దూడ గురించి మాట్లాడాలి.

కొట్టా, ప్యాకెట్టా అన్నదానికి వస్తే, పెరంబూరు కబేళా నుంచి తెల్లవారుజామున కొట్లకి చేరే మాంసం ఉదయానికే అమ్ముడైపోతుంది. తాజా అన్నమాట నిజమే గానీ, కోసిన కొన్ని గంటలకి కండ బిగుసుకుంటుంది. ఆ దశలో వండితే ఎంతకీ ఉడకదు. బాగా పొద్దున్నే తెస్తే వెంటనే పొయ్యి మీద పెట్టండి. లేదంటే ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఒకటి రెండు రాత్రులు ఉంచి వండండి. విదేశాల్లో రెండు మూడు వారాలు చల్లటి గదిలో వేలాడదీసేది ఇందుకే. చల్లబరిచి ప్యాక్ చేసిన మాంసానికి ఈ లాభం కొంత ముందే దక్కుతుంది, ఈగలుండవు, దుమ్ముండదు. చెన్నై మే నెలలో అది చిన్న విషయం కాదు. ఫ్రీజ్ చేసింది మాత్రం నాకు ఆఖరి ఎంపిక, కరిగేటప్పుడు రసమంతా కారిపోతుంది.

అయినా నేను కొట్టుకే వెళ్తాను. ప్యాకెట్టు మీద ధర, తేదీ, బరువు ఉంటాయి, వయసు ఉండదు. భాయ్ పళ్లు చూసిన మనిషి. మన ఊళ్లలో గిత్తల్ని రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని లెక్కపెట్టినట్టే సంతలోనూ బేరం నోరు తెరిచి చూశాకే. ఎనిమిది పళ్లూ అయిదేళ్లకల్లా వచ్చేస్తాయి, ఆపైన వయసు పళ్ల అరుగుదలని బట్టే. “మరీ ముదురా భాయ్?” అంటే తెలిసిన భాయ్ నిజమే చెబుతాడు. ఈగల్లేకుండా గాజు అద్దం వెనక పెట్టి, కత్తులు కడిగే కొట్టు చూసుకోండి. అలాంటిది దగ్గర్లో లేకపోతే మొహమాటం లేకుండా ప్యాకెట్టే తెప్పించుకోండి.

వేపుడుకైతే అండర్‌కట్, అంటే వెన్నెముక కింది కండ, అడగండి, ముసలి పశువులో కూడా అది మెత్తగానే ఉంటుంది. పులుసుకి పిక్క మాంసం, నల్లి ఎముకతో సహా. పచ్చి బొప్పాయి ముద్ద ఒక చెంచా పట్టించి గంట ఉంచి, తర్వాత సన్నటి మంట మీద రెండు గంటలు ఉడికిస్తే నరాలు కరిగి పులుసు చిక్కబడుతుంది. కుక్కర్ అయితే ముప్పావుగంట.