సాంటల్ 33 కొనాలా, గంధం అత్తరు కొనాలా?

లే లాబో అనే పర్ఫ్యూమ్ కంపెనీ వాళ్ళ సెంటు సాంటల్ 33 (2011లో వచ్చింది) ఆడా మగా ఎవరికైనా సెట్ అవుద్ది, కొట్టగానే యాలకులు, కాసేపటికి సెడార్ చెక్క, లెదర్ కలిసి గదంతా తెలిసిపోద్ది.

చార్మినార్ దగ్గర దొరికే గంధం అత్తరు అలా కాదు, మణికట్టు మీద ఒక్క చుక్క రాస్తే ముందు నూనె వాసనే, ఒంటి వేడికి మెల్లగా మెత్తబడి పక్కన కూర్చున్నవాళ్ళకే తెలుస్తది, నాకు అదే ప్రాణం.

ఖర్చు: సాంటల్ బాటిల్ వేలల్లో. అత్తరు తులాల లెక్కన, కానీ అసలు గంధం నూనె చవగ్గా ఇస్తున్నారంటే కల్తీ అనుకోండి.

రిస్క్: అత్తరు తెల్ల చొక్కాకి మరక. సాంటల్ కొందరికి ఊరేసిన దోసకాయలా తగులుద్ది, శాంపిల్ చూడకుండా కొనొద్దు.

ఏసీ ఆఫీసు, పార్టీలకైతే సాంటల్. పెళ్ళిళ్ళకి, సెంటులో ఉండే ఆల్కహాల్ ఒంటికి పడనివాళ్ళకి అత్తరే.