నల్లగొండలో కొన్న ఎథిక్స్ నోట్సు: మారియన్ బారీ అధ్యాయం మీద నా అభ్యంతరం

సివిల్స్‌కు చదువుతున్న మా తమ్ముడి కూతురి కోసం నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో 180 రూపాయలకు ఎథిక్స్ నోట్సు కొన్నాను. స్పైరల్ బైండింగ్ గట్టిగా ఉంది, తెలుగు సాఫీగా సాగింది. నా అభ్యంతరమంతా అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు మేయర్‌గా చేసిన నల్లజాతి నాయకుడు మారియన్ బారీని అందులో తూచిన పద్ధతి మీదే.

1990 జనవరి 18న ఒక హోటల్ గదిలో క్రాక్ కొకైన్ అనే మత్తుమందు పీలుస్తూ ఎఫ్‌బీఐకి దొరికిపోయిన ఘట్టానికి నోట్సు మూడు పేజీలు కేటాయించి, అంతకు ముందరి ముప్పై ఏళ్లను ఆరు లైన్లలో ముగించింది. 1960లో నాష్‌విల్‌లో, నల్లవాళ్లకు వడ్డించని హోటల్ కౌంటర్ల దగ్గర కూర్చుని నిరసన తెలిపిన విద్యార్థుల్లో రసాయనశాస్త్రం చదువుతున్న బారీ ఒకడు. అదే ఏడాది ఏర్పడిన నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన విద్యార్థి అహింసా సమన్వయ సంఘానికి మొదటి అధ్యక్షుడూ అతడే. 1966లో వాషింగ్టన్‌లో బస్సు చార్జీల పెంపు మీద బహిష్కరణ నడిపాడు, మరుసటి ఏడు నిరుద్యోగ నల్లజాతి యువకులకు పని చూపించే ప్రైడ్ సంస్థను నిలబెట్టాడు, మేయరయ్యాక పిల్లలకు వేసవి ఉద్యోగాలు ఇప్పించాడు. ఇవి చెప్పకుండా, ఆరు నెలల జైలుశిక్ష పడిన మనిషిని 1994లో జనం మళ్లీ మేయర్‌గా ఎందుకు గెలిపించారో చదివే పిల్లకు ఎలా బోధపడుతుంది? నోట్సు దాన్ని 'ఓటర్ల అజ్ఞానం' అని తేల్చేసింది. ఆ మాట నన్ను నొప్పించింది.

తప్పుల లెక్కలోనూ ఈ నోట్సు పైపైనే ఆగింది. క్రాక్ ఆ ఏళ్లలో ఏ పేటలను కాల్చుకు తిన్నదో, ఆ పేటల వాళ్లే అతనికి ఓట్లు వేసిన వాళ్లు. అంతకంటే బరువైనది మరొకటి ఉంది. వాషింగ్టన్‌కు స్వపరిపాలన కావాలని 1966లో ఉద్యమం నడిపిన వాడి ఏలుబడిలోనే, ఖజానా కుప్పకూలి, 1995లో అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, నగర జమాఖర్చుల మీద పెత్తనం చేసే ఆర్థిక నియంత్రణ మండలిని కూర్చోబెట్టింది. లోటుకు అతనొక్కడే కారణం కాదు గానీ, ఎథిక్స్ పేపరుకు చదివే వాళ్లు మొదట ఆలోచించాల్సింది హోటల్ గది గురించి కాదు, దీని గురించే.

అధ్యాయం చివర మంచికి నాలుగు, చెడుకు ఆరు మార్కులు వేసి తీసివేత చేశారు. అది చూడగానే మా తాత గుర్తొచ్చాడు. సాయుధ పోరాటం నాటి సంగం నాయకుడొకాయన, తర్వాతి కాలంలో ఊళ్లో ఒక ముసలామె నాలుగు గుంటల భూమి కలుపుకున్నాడు. ఆయన వాకిట్లోకి వస్తే మా తాత లేచి మంచం వాల్చేవాడు, చెంబుతో నీళ్లిచ్చేవాడు, ఆయన తాగి చెంబు కింద పెట్టీ పెట్టకముందే, "ముసలామె భూమి ఎప్పుడిడిచిపెడ్తవన్నా?" అని అడిగేవాడు. వచ్చిన ప్రతిసారీ అంతే. మర్యాదా తగ్గలేదు, ప్రశ్నా ఆగలేదు.

నోట్సులో లేని విషయాలను రెండు తెల్లకాగితాల మీద రాసి మా అమ్మాయి కాపీలో పెట్టాను, ఇంకో ప్రతి దుకాణంలో ఇచ్చాను. తయారుచేసిన వాళ్లకు చేరవేస్తామన్నారు. ఆ మార్కుల పట్టిక తీసేసి ఈ అధ్యాయాన్ని తిరగరాస్తే, ఆమె స్నేహితురాళ్లకు కూడా నేనే కొనిస్తాను.