ఆర్మీ డిస్పోజల్ జిప్సీ ఉన్నవాళ్లు జాగ్రత్త: ‘ఒరిజినల్ మిలిటరీ జాయింట్’ పేరుతో పాతదానికే గ్రీజు దట్టించి ఇస్తున్నారు

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఆర్మీ వేలం జిప్సీలు, పాత జీపులు నడుపుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. “ముందు యాక్సిల్ పూర్తి ఓవరాలింగ్, ఒరిజినల్ మిలిటరీ జాయింట్లు, సీల్ కిట్, ఫిట్టింగ్‌తో కలిపి 46 వేలు” అని ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. నమ్మి కట్టాను. ఆ 46 వేలు పోగా, చేసిన పని విప్పి మళ్లీ చేయించడానికి ఇంకో 31 వేలు అయ్యాయి. షెడ్డు పేరు రాయడం లేదు, ఇంకా గొడవ నడుస్తోంది. మెసేజ్ మీ ఫోన్‌కి వస్తే మీకే అర్థమవుతుంది.

నా బండి 2004ది. ఆర్మీ కాగితాల్లో నంబరు ముందు పైకి చూసే బాణం, పక్కనే సంవత్సరం అంకె 04 అని ఉంటుంది. హాలియా దగ్గర మా బత్తాయి తోటలో ఫోర్ వీల్ వేసి స్టీరింగ్ చివరిదాకా తిప్పితే ముందు చక్రంలో టక్ టక్ టక్ అని చప్పుడు. చక్రం మలుపు తిరిగినా ఇంజిన్ శక్తిని దానికి అందించే జాయింట్ అరిగితే వచ్చే చప్పుడే అది. ఈ బళ్లలో ముందు జాయింట్ బయటికి కనిపించదు. చక్రం వెనకాల ఇనుప గుండు లాంటి హౌసింగ్‌లో, గ్రీజు మధ్యలో ఉంటుంది. కనిపించదు కాబట్టే మోసం చేయడం సులువు.

షెడ్డు ఆయన బాగా మాట్లాడాడు. “అన్నా, మిలిటరీ మాల్ ఇది, పదేండ్ల దాకా చూసుడే లేదు, ఏం ఫికర్ చేయకు” అన్నాడు. ఆకుపచ్చ ప్యాకెట్ చూపించాడు, దాని మీద కూడా బాణం ముద్ర ఉంది. నేను ఆ ముద్ర చూసే పడిపోయాను. ప్రింటింగ్ ప్రెస్ ఉన్న ఏ ఊళ్లోనైనా అలాంటి ప్యాకెట్ కొట్టించవచ్చని అప్పుడు తట్టలేదు. తొమ్మిది రోజులు పెట్టుకుని బండి ఇచ్చాడు. చప్పుడు లేదు. సంతోషంగా ఇంటికొచ్చాను.

మూడు వారాలు గడిచాయి. పెద్దవూర నుంచి వస్తూ బ్రేకు తొక్కితే బండి ఒక్కసారిగా ఎడమకు లాగింది. వెనకాల ఇద్దరు కూలీలున్నారు, ఎదురుగా లారీ. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. దిగి చూస్తే వెనక కుడి బ్రేకు డ్రమ్ము లోపల్నుంచి ఆయిల్ కారుతోంది, ముందు చక్రం లోపలి వైపు నల్లగా తడి.

మిర్యాలగూడలో రైస్ మిల్లు లారీలు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తోలుకెళ్లాను. ఆయన నా ముందే విప్పాడు. గుండు చుట్టూ గ్రీజు కారకుండా ఆపే సీల్‌ని పట్టి ఉంచే రింగుకు ఎనిమిది బోల్టులుండాలి. ఆరే ఉన్నాయి. మిగతా రెండు చోట్ల బోల్టు విరిగితే పైన ఎంసీల్ పెట్టి రంగేశారు. రింగ్ తీయగానే లోపలున్నదంతా చారులా కారింది. గట్టి గ్రీజు ఉండాల్సిన చోట పల్చటి నల్ల నీళ్లు! కారణం ఆయనే చెప్పాడు. యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల (డిఫరెన్షియల్) ఆయిల్ గుండులోకి రాకుండా లోపల ఇంకో చిన్న సీల్ ఉంటుంది. దాన్ని మార్చాలంటే షాఫ్ట్ మొత్తం బయటికి లాగాలి. అంత కష్టం ఎందుకని షెడ్డువాడు దాన్ని ముట్టుకోలేదు. ఆయిల్ వచ్చి గ్రీజుని కరిగించేసింది.

గుండు మీద తుప్పు గుంటలున్నాయి. గుంటలుంటే ఎంత కొత్త సీల్ వేసినా ఆగదు, దాని అంచు కోసుకుపోతుంది. వీళ్లు ఎమెరీ కాగితంతో రుద్ది సిల్వర్ పెయింట్ కొట్టారు. ఆ పెయింట్ పెచ్చులూడి సీల్ కిందే ఇరుక్కున్నాయి. పెద్దాయన ఒక పెచ్చు గోటితో తీసి నా అరచేతిలో పెట్టి, “ఇదిగో నీ మిలిటరీ మాల్” అన్నాడు.

ఇక జాయింట్. కిరసనాయిలుతో కడిగితే పాతదే. జాయింట్ లోపలి చిన్న గుండ్లు తిరిగే గాడిలో గోరు పెట్టి లాగితే గుంటలో చిక్కుకుంటోంది. మూడు వారాలు చప్పుడు రాకుండా ఆపింది దట్టించిన పసుపు గ్రీజే. ఈ జాయింట్లకు వాడాల్సింది నల్లటి మాలిబ్డినం గ్రీజు, మామూలు బేరింగ్ గ్రీజు కాదు. గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కి శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా విప్పి తప్పుగా ఎక్కించారు. రెండు చివర్ల యోకులు, అంటే క్రాసుల్ని పట్టుకునే కొమ్ములు, ఒకే వరసలో ఉండాలి. ఒక పన్ను తేడాగా దూర్చారు. 50 స్పీడు దాటితే సీటు కింద వణుకు వస్తున్నది అందుకేనని అప్పుడు తెలిసింది. కొత్త క్రాసుల వల్ల అలా ఉంటుందేమో అని నేను సర్దిచెప్పుకున్నాను, ఏం చెప్పను!

న్యాయంగా ఒక మాట. తప్పంతా వాళ్లదే కాదు. వెనక యాక్సిల్ మీద గాలి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. దానిలో కందిరీగ మట్టిగూడు పెట్టింది. యాక్సిల్ వేడెక్కితే లోపలి గాలి బయటికి పోయే దారి లేక సీల్‌ని తోసుకుని ఆయిల్ డ్రమ్ములోకి వచ్చింది. కొన్న రోజే నేను చూసుకోవాల్సింది. కాకపోతే ఆ 46 వేలల్లోనే వెనక సీళ్లు కూడా మార్చామని డబ్బు తీసుకున్నవాడు కూడా చూడాలి కదా.

మీరు పని చేయిస్తుంటే గుండు విప్పేటప్పుడు పక్కనే నిలబడండి, పాత సామాన్లు సంచిలో వేసి తీసుకోండి. మిలిటరీ ప్యాకెట్ కథలు పక్కన పెట్టండి. మంచి సీల్ మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మిల్లీమీటర్లలో అచ్చై ఉంటాయి. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే స్కేలు) షాఫ్ట్ కొలిచి అదే సైజు ఆటోనగర్‌లో అడిగితే చాలావాటికి దొరుకుతుంది. నాకిచ్చిన సీల్ మీద ఒక్క అంకె లేదు. షాఫ్ట్ మీద పాత సీల్ అరగదీసిన గీత ఉంటే కొత్త సీల్‌ని కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టమనండి, లేకపోతే అదే గీతలోంచి మళ్లీ కారుతుంది.

బిల్లు విషయంలో నేను మోసపోయినట్టు మోసపోవద్దు. నాకిచ్చింది ‘ఎస్టిమేట్’ అని రాసిన తెల్ల చీటీ, అసలు బిల్లు కాదు. అయినా ఫోన్ పేలో కట్టిన రుజువు, విప్పినప్పుడు తీసిన వీడియో పెట్టుకుని 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. తేలకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు లేదు.

ఆ మెసేజ్ చూసి ఇప్పటికే అడ్వాన్స్ పంపినవాళ్లుంటే, బండి షెడ్డులోకి పోకముందే వెనక్కి అడగండి. షాఫ్ట్ ఒకసారి బయటికొచ్చాక బండి కదలదు, వాడు చెప్పిన రేటే రేటు.