మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి రెండున్నరేళ్లు: పటమటలో మా ఇంటి అనుభవం

2023 మార్చి నుంచి మా ఇంట్లో ఫైబర్ వాళ్లు ఇచ్చిన డబ్బా బ్రిడ్జ్ మోడ్‌లోనే ఉంది. దాని వెనకాల నేను కొన్న టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రౌటర్ నడుస్తోంది. బ్రిడ్జ్ మోడ్ అంటే డబ్బా లైన్‌ని అందించి ఊరుకుంటుంది, లాగిన్, వైఫై లాంటి మిగతా పనులన్నీ రౌటర్ చూసుకుంటుంది. ఒక మాట ముందే చెప్పేస్తాను, దీనివల్ల స్పీడ్ పెరగదు. మాది 150 ఎంబీపీఎస్ ప్లాన్, అప్పుడూ అంతే వచ్చేది, ఇప్పుడూ అంతే వస్తోంది. పోయింది రోజూ సాయంత్రం ఉండే టెన్షన్. "నెట్ ఆగిపోయింది, ఒకసారి ఆపి ఆన్ చెయ్యరా" అని కింద నుంచి అమ్మ పిలవడం ఆగింది. నాకు అదే పెద్ద విషయం.

మాది పాతకాలపు రెండంతస్తుల ఇల్లు, గోడలు బాగా మందం. ఫైబర్ వైర్ వీధి గుమ్మం పక్కన కన్నంలోంచి లోపలికి వస్తుంది, ఆ డబ్బాని అక్కడే మేకుకి తగిలించి వెళ్లిపోయారు. ఫైబర్‌లో వచ్చే వెలుగుని సిగ్నల్‌గా మార్చడం, పీపీపీఓఈ లాగిన్ (కంపెనీ ఇచ్చిన ఐడీ, పాస్‌వర్డ్‌తో నెట్‌కి కలవడం) చెయ్యడం, ఫోన్లకీ టీవీకీ కెమెరాలకీ ఐపీలు (నెట్‌వర్క్‌లో ఒక్కోదాని అడ్రస్ నంబర్) ఇవ్వడం, వైఫై పంచడం, అన్నీ ఆ ఒక్క డబ్బానే చెయ్యాలి. పైగా మన బెజవాడ ఎండలు! మే నెల మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెడితే కాలేది. సాయంత్రం అందరూ ఇంటికి చేరి తలా ఒక ఫోన్ పట్టుకునేసరికి లైట్లన్నీ పచ్చగానే ఉండేవి కానీ ఒక్క పేజీ కూడా తెరుచుకునేది కాదు, ఆఫీస్ మీటింగ్‌లో నేను మాట్లాడుతుండగానే గొంతు ఆగిపోయేది.

మొదట బ్రిడ్జ్ జోలికి పోకుండా రౌటర్ తెచ్చి ఆ డబ్బాకే తగిలించాను. వైఫై బాగుపడింది గానీ అసలు భారం డబ్బా మీదే ఉండిపోయింది, దానికి తోడు డబుల్ న్యాట్. అంటే డబ్బా ఒకసారి, రౌటర్ ఇంకోసారి అడ్రస్ మార్చడం. మామూలుగా వీడియోలు చూసేవాళ్లకి తేడా తెలియదు, మా మేనల్లుడికి మాత్రం గేమ్‌లో స్నేహితులతో వాయిస్ కలిసేది కాదు. అప్పుడే ఇక బ్రిడ్జ్ చేసేద్దామని కూర్చున్నాను.

చేసే పని చూస్తే పావుగంటే. డబ్బా సెట్టింగ్స్‌లో వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) కనెక్షన్‌ని రౌట్ నుంచి బ్రిడ్జ్‌కి మార్చాలి, వీల్యాన్ నంబర్ (కంపెనీ తన లైన్‌లో ఇంటర్నెట్‌ని గుర్తుపట్టే నంబర్) ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, దాన్ని ఒకటో ల్యాన్ (ఇంటి వైపు) పోర్టుకి కట్టాలి, డబ్బా వైఫై ఆపేయాలి. ఆ పోర్టు నుంచి రౌటర్ వ్యాన్ పోర్టుకి కేబుల్ వేసి, రౌటర్‌లో పీపీపీఓఈ ఎంచుకుని యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాలి. అసలు కష్టం ఆ పాస్‌వర్డ్ సంపాదించడంలోనే ఉంది. కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాక ఇచ్చారు. అది చేతికి రాకముందు ఏదీ ముట్టుకోవద్దు, ఎందుకంటే డబ్బాలో అది చుక్కలుగానే కనపడుతుంది, చెరిపేశాక తిరిగి తెచ్చుకోలేం. ఇంకోటి, కొన్ని కంపెనీలు పాత డబ్బా మ్యాక్ అడ్రస్‌కే (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్) లాగిన్ కట్టేసి ఉంచుతాయి. అలాంటప్పుడు అన్నీ సరిగ్గా పెట్టినా కనెక్ట్ అవదు, వాళ్లకి చెప్పి మ్యాక్ రీసెట్ చేయించుకోవాలి.

నేను చేసిన పెద్ద తప్పు ల్యాండ్‌లైన్ విషయంలో. డబ్బా వ్యాన్ లిస్టులో రెండు కనెక్షన్లు కనపడ్డాయి, రెండోది ఎందుకులే అని తీసేశాను. అది ఫోన్‌కి సంబంధించినది. మా చుట్టాల్లో పెద్దవాళ్లందరికీ తెలిసింది ఆ నంబరే, నాన్నగారు రోజంతా రిసీవర్ ఎత్తి చూసుకుంటూ ఉన్నారు, నాకు చాలా బాధేసింది. మర్నాడు లైన్‌మ్యాన్ వచ్చి మళ్లీ పెట్టాడు. వాయిస్ అని రాసి ఉన్న దాన్ని ముట్టుకోకుండా ఇంటర్నెట్ అన్నదాన్ని మాత్రమే బ్రిడ్జ్ చేస్తే ల్యాండ్‌లైన్ మామూలుగానే పనిచేస్తుంది. ముందు ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

తర్వాత కేబుల్. రౌటర్‌ని ఇంటి మధ్యలో మెట్ల దగ్గర పెట్టాలని గుమ్మం నుంచి అక్కడికి కేబుల్ లాగించాను. అంతా అయ్యాక చూస్తే స్పీడ్ 94 ఎంబీపీఎస్ దాటట్లేదు. రెండు రోజులు రౌటర్‌ని అనుమానించాను. చివరికి చూస్తే ప్లగ్ బిగించినప్పుడు ఒక జత తీగ సరిగ్గా కూర్చోలేదు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, అందులో ఒకటి పోతే లింక్ 100కి పడిపోవచ్చు. కాబట్టి 90ల్లో ఆగిపోతుంటే ముందు కేబుల్ చూడండి. రెండు వైపులా పోర్టులు గిగాబిట్‌వేనా అన్నదీ చూసుకోండి, చవక డబ్బాల్లో కొన్నిటికి 100 పోర్టులే ఉంటాయి.

ఈ ఏర్పాటు నిజంగా నిలబడిందని నాకు నమ్మకం కుదిరింది 2024 సెప్టెంబర్‌లో. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చెల్లెలి కుటుంబం, వాళ్ల పక్కింటివాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. పదకొండు మంది, అందరి చేతిలో ఫోన్లు, ఒకరు వార్తలు చూస్తుంటే ఇంకొకరు ఊళ్లో వాళ్లకి వీడియో కాల్, పిల్లలు టీవీ. వారం రోజుల్లో రౌటర్‌ని ఒక్కసారి కూడా రీస్టార్ట్ చెయ్యలేదు. పాత డబ్బా ఒక్కదానితో అది జరిగేది కాదని గట్టిగా చెప్పగలను.

ఇక తీరని విషయాలు. బ్రిడ్జ్ చేస్తే పబ్లిక్ ఐపీ (బయట నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ ఇంటి కెమెరాలని బయట నుంచి నేరుగా చూడొచ్చని ఆశపడ్డాను. రౌటర్‌లో వ్యాన్ ఐపీ చూస్తే 100.70తో మొదలైంది. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది సీజీన్యాట్, మీ పైన కంపెనీ దగ్గర ఇంకో న్యాట్ ఉన్నట్టు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట నుంచి వచ్చేదాన్ని ఇంట్లో కెమెరాకి పంపే సెట్టింగ్) ఎంత పెట్టినా పనిచెయ్యదు. స్టాటిక్ ఐపీకి (మారని పబ్లిక్ ఐపీ) విడిగా డబ్బు కట్టాలి. నేను కట్టలేదు, కెమెరా యాప్‌తోనే చూసుకుంటున్నాను. రౌటర్‌లో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) మాత్రం 1492 కన్నా ఎక్కువ పెట్టకండి, పీపీపీఓఈకే 8 బైట్లు పోతాయి. నేను 1500 అని పెట్టిన రోజుల్లో ఆఫీస్ వీపీఎన్ కలిసేది గానీ ఫైళ్లు మధ్యలో ఆగిపోయేవి.

నెట్ పోతే జవాబుదారీ మనమే అవుతాం, ఇది బాగా ఆలోచించుకోండి. లైన్‌మ్యాన్ రాగానే "రౌటర్ మీది కదన్నా, మాకు సంబంధం లేదు" అంటాడు. అందుకని రెండూ ఢీకొనకుండా రౌటర్ ఐపీని 192.168.0.1గా ఉంచి, డబ్బాది 192.168.1.1గా వదిలేశాను. ల్యాప్‌టాప్‌ని డబ్బా రెండో పోర్టుకి పెడితే ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం, కనపడుతుంది. మాకు మామూలుగా మైనస్ 21 డీబీఎం ఉంటుంది. ఒకసారి వానల్లో మైనస్ 28కి పడింది, మైనస్ 27 కన్నా కిందకి పోతే డబ్బాకి సిగ్నల్ అందడం కష్టం. ఆ నంబర్ చూపించాక మాట్లాడకుండా స్తంభం దగ్గరికెళ్లి జాయింట్ మళ్లీ వేశాడు. ఇంకోసారి వాళ్లే దూరం నుంచి డబ్బాకి అప్‌డేట్ పంపితే బ్రిడ్జ్ పోయి మళ్లీ రౌట్ మోడ్‌కి వచ్చేసింది. ఫొటోలు ఉన్నాయి కాబట్టి పది నిమిషాల్లో సరిచేసుకున్నాను.

కరెంట్ పోతే డబ్బాకీ రౌటర్‌కీ రెండిటికీ బ్యాకప్ కావాలి, ఒకదానికి పెడితే లాభం లేదు. మినీ యూపీఎస్ గవర్నర్‌పేటలో కొన్నాను. అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చదివి సరిపోయేదే తీసుకోండి.

గుంటూరు బ్రాడీపేటలో మా తమ్ముడిది రెండు గదుల పోర్షన్, వాడికీ ఇది చేసిపెట్టమని అడిగాడు. వాడింట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, డబ్బా హాల్లోనే ఉంది, ఎప్పుడూ ఆగిందీ లేదు. వద్దన్నాను. పీపీపీఓఈ ఐడీ, పాస్‌వర్డ్ మాత్రం అడిగి తెప్పించి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టించాను.