నాలుగేళ్లుగా హైబ్రిడ్ సైకిలు మీద ఆఫీసుకి: మెహదీపట్నం నుంచి రాయదుర్గం

నేను రోజూ తొక్కేది మార్కెట్లో చాలా కంపెనీలు దాదాపు ఒకేలా చేసి అమ్మే హైబ్రిడ్ సైకిలు, అంటే రోడ్డు సైకిలుకీ మౌంటెన్ సైకిలుకీ మధ్యరకం. అల్యూమినియం ఫ్రేము, ముందు మూడు వెనక ఏడు కలిపి 21 గేర్లు, 700సి అనే పెద్ద సైజు చక్రాలకు 35 ఎంఎం టైర్లు, డిస్క్ బ్రేకులు, ముందు కుదుపులు తగ్గించే సస్పెన్షన్ ఫోర్కు. కొన్నప్పుడు 19 వేల చిల్లర అయింది. నాలుగేళ్లు దాటింది. హైదరాబాద్‌లో మెహదీపట్నంలోని ఇంటి నుంచి రాయదుర్గంలోని ఆఫీసుకి తొమ్మిది పది కిలోమీటర్లు, రానూపోనూ దీని మీదే. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పబోయే మంచీ చెడూ ఆ ధరలో దొరికే సైకిళ్లన్నిటికీ వర్తిస్తాయి.

ముందు మంచి సంగతి. టైమ్. ఉదయం ఎనిమిదిన్నరకి బయల్దేరినా, రాత్రి ఏడింటికి తిరిగొచ్చినా నలభై నిమిషాలు, ఐదు అటూ ఇటూ. అదే దారిలో కారులో వచ్చే మా టీమ్ వాళ్లకి ఏ రోజు ఎంత పడుతుందో వాళ్లకే తెలియదు. టోలిచౌకి దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే నేను దిగి, సైకిలు నడిపించుకుంటూ ముందుకెళ్లి మళ్లీ ఎక్కుతాను. ఈ ఒక్క సౌకర్యం కోసమే ఇన్నాళ్లూ మిగతావన్నీ భరిస్తున్నాను.

మిగతావన్నీ అంటే ముఖ్యంగా ఒకటే: రోడ్డు ఎడమ అంచు. సైకిలువాడు ఎడమ పక్కన వెళ్లాలని అందరూ చెబుతారు. ఆ ఎడమ పక్క మీటరు స్థలంలో ఇంకెవరెవరు ఉంటారో ఎవరూ చెప్పరు. రేతిబౌలి నుంచి నానల్‌నగర్ దాకా చూడండి. చెయ్యెత్తిన మనిషి కనపడగానే చప్పున ఆగే షేర్ ఆటోలు, పళ్ల బండ్లు, టిఫిన్ బండి చుట్టూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లు, అద్దంలో చూడకుండా తెరుచుకునే కారు తలుపులు. వీటికి తోడు రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు. యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావడం బద్ధకమై ఎడమ అంచునే ఎదురు వచ్చేస్తారు. అతనికీ అంచే కావాలి, నాకూ అంచే కావాలి. చివరికి ట్రాఫిక్ వైపు జరగాల్సింది నేనే, ఎందుకంటే అతని చూపు ఫోన్‌లోని మ్యాప్ మీద ఉంటుంది.

మనుషులు లేని చోట రోడ్డే ప్రమాదం. వాహనాల చక్రాలు చిమ్మిన ఇసుక, కంకర, గాజుపెంకులు అన్నీ చేరేది అంచుకే. మ్యాన్‌హోల్ మూతలు, వాననీటి జాలీలు ఉండేదీ అక్కడే. కొన్నిచోట్ల జాలీ కమ్మీలు మనం వెళ్లే దిశలోనే ఉంటాయి, సన్నటైరు సరిగ్గా అందులోకి దిగుతుంది. అన్నిటికంటే భయపెట్టేది కొత్తగా వేసిన తారు. పాత పొర మీద మరో పొర వేస్తారు, అది అంచు దాకా రాదు. రెండు పొరల మధ్య రెండు అంగుళాల గట్టు రోడ్డు పొడవునా మిగులుతుంది. కిందనుంచి పైకి ఏటవాలుగా ఎక్కబోతే ముందుచక్రం ఆ గట్టుకి ఒరుసుకుంటూ జారుతుంది తప్ప ఎక్కదు, మనిషి కుడివైపుకి, అంటే వాహనాల్లోకి పడతాడు. బైకువాళ్లకి ఈ గట్టు ఉన్నట్టే తెలియదు.

అందుకని నేను అంచుకి మీటరు ఎడంగా, రోడ్డు లోపలికే తొక్కుతాను. హారన్లు మోగుతాయి. మోగనివ్వండి. హారన్ కొట్టినవాడు నన్ను చూశాడన్నమాట, అతనితో భయం లేదు. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. నీళ్లు నిలిచినప్పుడు కింద ఏముందో కనపడదు, మూతలు తీసి ఉంచేది అంచునే. మోకాలి లోతు నీళ్లుంటే మాత్రం నడిమధ్యన కూడా తొక్కను, ఏదో ఒక షాపు మెట్ల మీద నిలబడి చాయ్ తాగుతాను.

షేక్‌పేట ఫ్లైఓవర్ 2022 జనవరి 1న మొదలైంది, పొడవు 2.8 కిలోమీటర్లు. దాంతో బళ్లన్నీ పైకెళ్లి కింద ఖాళీ అవుతుందనుకున్నాం. పైన వాహనాల వేగానికి సైకిలు తొక్కే ధైర్యం నాకు లేదు, పక్కకి తప్పుకునే చోటు ఉండదు. కింద ఫిల్మ్‌నగర్ మలుపు, ఓయూ కాలనీ మలుపు, ప్రతిచోటా స్తంభాల చాటు నుంచి మనుషులూ బళ్లూ వచ్చిపడతాయి. పైగా చాలాచోట్ల సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టారు. బైకుకి అది అరనిమిషం పని. సైకిలుకి అలా కాదు, ఎడమ అంచు నుంచి మూడు లైన్లు దాటి కుడి అంచుకి చేరాలి, తిరగాలి, మళ్లీ మూడు లైన్లు దాటి ఎడమకి రావాలి. నేను ఆ సాహసం చేయను. దిగి, పాదచారుల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటూ దాటుతాను.

సిటీ బస్సు డ్రైవర్లంటే చాలామంది సైకిలువాళ్లకి భయం, నాకు అంత లేదు. బస్సు ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు. స్టాపులో దాన్ని నేను దాటతాను, కాసేపటికి అది నన్ను దాటుతుంది, టోలిచౌకి నుంచి దర్గా దాకా ఈ దోబూచులాట సాగుతుంది. బస్సుతో ఇబ్బంది ఒకటే, కిటికీలు. గుట్కా ఉమ్మేవాళ్లు కిందకి చూసి ఉమ్మరు. ఆఫీసు డ్రాయర్లో ఒక చొక్కా ఎప్పుడూ ఉంచుకోవడానికి చెమట ఒక కారణమైతే, ఇది రెండోది.

ఇక సంక్రాంతి. జనవరి మొదటి రెండు వారాలు మెడకి మఫ్లర్ లేకుండా తొక్కను. సింథటిక్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా మా వైపు మేడల మీద ఏం ఎగురుతుందో, తెగిన దారం ఏ స్తంభానికి వేలాడుతుందో ఎవరికీ తెలియదు. సాయంత్రం వెలుతురు తగ్గాక అది అసలు కనపడదు.

కుక్కల గురించి ఎక్కువ చెప్పను. వెంటపడితే వేగం పెంచకండి, దిగి సైకిలుని అడ్డంగా పెట్టుకుని నడవండి. చాలాసార్లు అక్కడితో వదిలేస్తాయి.

ఇలాంటి రోడ్డు మీద ఈ సైకిలు ఎలా నిలబడింది? ఫ్రేముకి ఏమీ కాలేదు. గేర్లు బాగానే పడుతున్నాయి, కాకపోతే 21లో నేను వాడేది ఐదో ఆరో. షేక్‌పేట దాటాక ఎత్తుకి తేలికపాటి గేరు కావాలి, మిగతా దారంతా మధ్య పళ్లచక్రం చాలు. సస్పెన్షన్ ఫోర్కు మాత్రం శుద్ధ దండగ. ఈ ధరలో వచ్చే ఫోర్కులో ఉండేది మామూలు స్ప్రింగు, బరువు ఎక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు కాలి బలం సగం దాన్ని కిందికీ పైకీ ఊపడానికే పోయినట్టుంటుంది. రెండో వానాకాలానికి బిగుసుకుపోయింది, అప్పట్నుంచి అది మామూలు ఫోర్కే, బరువు మాత్రం తగ్గలేదు.

డిస్క్ బ్రేకులు వానలో బాగా పట్టుకుంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పార్కింగులో పక్క బైకు స్టాండు తగిలి డిస్కు రేకు వంగితే, అది సరిచేసేదాకా తొక్కినంతసేపూ కీచుకీచు. రోడ్డు పక్క మెకానిక్ దాన్ని ముట్టుకోడు. సైకిలు కుడివైపుకి పడితే ఇంకో ఖర్చు ఉంది. వెనక గేర్లని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క వంగుతుంది, దాన్ని హ్యాంగర్ అంటారు. ఫ్రేము వంగకుండా ఆ ముక్కే వంగేలా చేస్తారు కాబట్టి అది మంచికే. కానీ ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌కి సరిపోదు. సైకిలు కొన్న రోజే ఒక హ్యాంగర్ అదనంగా కొని పెట్టుకోండి. మోడల్ ఆగిపోయాక వెతికితే దొరకదు.

గాలి సంగతి చెప్పకపోతే ఈ సమీక్షకి అర్థమే లేదు. నా సైకిలుకి వచ్చినవి సన్నమూతి ప్రెస్టా వాల్వులు. వాటికి పెట్రోల్ బంకు గొట్టం పట్టదు, పాత సైకిళ్లకి గాలి కొట్టే పంపూ పట్టదు. ముప్పై నలభై రూపాయల ఇత్తడి అడాప్టర్ తగిలిస్తే బంకు గొట్టం పడుతుంది. అప్పుడు రెండో తంటా. 35 ఎంఎం టైరుకి నా బరువుకి గాలి ఒత్తిడి అరవై పీఎస్ఐ ఉండాలి, కారుకి ముప్పై చిల్లర చాలు. బంకు అబ్బాయి ‘అరవయ్యా? పేలుద్ది సార్’ అని నలభై దగ్గర ఆపేస్తాడు. టైరు పక్కన అచ్చువేసిన అంకె చూపించినా నమ్మడు. గాలి తక్కువుంటే గుంత అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. నాకు పడ్డ పంక్చర్లలో ఎక్కువ భాగం ఇలాంటివే, మేకులవి తక్కువ. ట్యూబులు మార్చినప్పుడు బైకు వాల్వు లాంటి ష్రాడర్ వాల్వు ఉన్నవి అడిగాను. రిమ్ము రంధ్రం కొంచెం పెద్దది చేయాల్సి వచ్చింది. నిలబడి కొట్టే పంపు ఒకటి ఇంట్లో కొనిపెట్టాక ఈ టెన్షన్ పోయింది.

పంక్చర్ షాపులు అడుగడుక్కీ ఉన్నాయి కదా అనుకోవద్దు. ఇప్పుడు వాళ్లకి ట్యూబ్‌లెస్ బైకులే గిరాకీ. సైకిలు చక్రం విప్పమంటే ‘టైమ్ లేదన్నా’ అంటారు. ప్యాచ్‌లు, సొల్యూషన్, టైరు లివర్లు, చేతిపంపు సంచిలో ఉండాల్సిందే.

మడ్‌గార్డులు, స్టాండు, బెల్లు, లైట్లు ఏవీ సైకిలుతో రాలేదు, అన్నీ విడిగా కొన్నవే. ముందు లైటు మీద పిసినారితనం వద్దు. ఎదుటివాళ్లకి కనపడడానికి చిన్నది సరిపోతుంది కానీ, హైబీమ్ వేసుకుని వచ్చే బళ్ల మధ్య గుంత మనకి కనపడాలంటే నాలుగొందల ల్యూమెన్‌ల (వెలుగు కొలత) లైటైనా కావాలి.

తాళం గురించి: సన్నటి కేబుల్ తాళాన్ని కట్టర్‌తో క్షణంలో తెంపేస్తారు, యూ ఆకారపు తాళమే కొనండి. సీటుకి చేత్తో తిప్పి తీసే క్విక్ రిలీజ్ ఉంటే దాని బదులు బోల్టు వేయించండి. ఇక ఆఫీసుల సంగతి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను టూవీలర్ సెల్లార్‌లోకి పంపాలా వద్దా అని తన పైవాడికి ఫోన్ చేసిన రోజులున్నాయి. ఇప్పుడు అలవాటైంది. ‘సార్, పెట్రోల్ దండగనా?’ అని మాత్రం ఇప్పటికీ అడుగుతాడు.

నగరంలో సైకిలు దారులు లేవా అంటే, ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. మొదలైనప్పుడు నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకోటి. ఎండ తగలదు, గుంతల్లేవు, హాయిగా ఉంటుంది. ఆదివారం వెళ్తే సగం మంది కారు వెనక సైకిలు కట్టుకుని వచ్చినవాళ్లే. రేతిబౌలి నుంచి రాయదుర్గం వెళ్లేవాడికి దాంతో పని లేదు.

కాబట్టి నా మార్కులు: సైకిలుకి పదికి ఆరు, దారికి మూడు. మళ్లీ కొంటే 26 అంగుళాల చక్రాలకి రెండు అంగుళాల లావుపాటి నున్నటి టైర్లు, సస్పెన్షన్ లేని స్టీలు ఫోర్కు, వెనక మాత్రమే ఏడు గేర్లు, రిమ్ముని రెండు పక్కలా రబ్బర్లతో నొక్కే మామూలు వి-బ్రేకులు, బైకు వాల్వు ట్యూబులు ఉన్నది చూస్తాను. వి-బ్రేకుల రబ్బర్లు వానాకాలంలో తొందరగా అరుగుతాయి, కానీ వీధి చివరి షాపులో దొరుకుతాయి, మనమే మార్చుకోవచ్చు. ఈ మధ్య రెండు మూడు షాపుల్లో ఇలాంటిది అడిగి చూశాను. డిస్కూ సస్పెన్షనూ లేని గేర్ సైకిలు ఎవరు కొంటారు సార్ అన్నారు. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, ధరలు కొంచెం దిగాయి, సరుకు మాత్రం అదే. ప్రస్తుతానికి ఉన్నదానికే స్టీలు ఫోర్కు వేయించి, ఫ్రేములో పట్టేంత లావు టైర్లు ఎక్కించమని చెప్పి వచ్చాను.